లేసు అల్లే ఊళ్లో పదిహేను వారాల ప్రాజెక్టు: సర్వే నుంచి సాఫ్ట్‌వేర్ దాకా

కోర్సు మొదలైన వారంలోనే టీములో ఎవరో ఒకరు "యాప్ చేసేద్దాం" అంటారు. అప్పుడే ల్యాప్‌టాప్ తెరవకండి. ఊళ్లో లెక్క ఎలా నడుస్తోందో తెలియకుండా రాసిన సాఫ్ట్‌వేర్ చివరి వారం ప్రజెంటేషన్‌లో మెరిసి, ఆ మర్నాటి నుంచి ఎవరి ఫోన్‌లోనూ కనపడదు. ముందు లెక్క, తర్వాత కాగితం, ఆ తర్వాతే కోడ్. ఈ వరుస తప్పకపోతే సోషల్ సైన్సెస్ వాళ్లూ, కంప్యూటర్స్ వాళ్లూ, సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ పేపరు తీసుకున్నవాళ్లూ కలిసి ఒకే ప్రాజెక్టును ఒక సెమిస్టర్‌లో పూర్తి చేయొచ్చు.

ఉదాహరణగా నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లికను తీసుకుందాం. ఏజెంటు దారం ఇస్తాడు, ఇంట్లో ఆడవాళ్లు పువ్వులు అల్లుతారు, వేరే చేతులు ఆ పువ్వుల్ని అతికి బల్లగుడ్డలుగా చేస్తాయి, సరుకు ఎగుమతిదారుడికి చేరుతుంది. మీరు చేయబోయేది దారం, పువ్వులు, డబ్బు, ఈ మూడింటి లెక్కా అల్లినామె చేతిలో ఉండేలా చూసే చిన్న పనిముట్టు. కొబ్బరి పీచు పనికైనా, రొయ్యల చెరువు మేత లెక్కకైనా దారి ఇదే.

టీము, సమయం

నలుగురు చాలు. ఇద్దరు సర్వే చూసుకోవాలి, ఇద్దరు డిజైన్, కోడ్ చూసుకోవాలి. ఊళ్లోకి మాత్రం నలుగురూ వెళ్లాలి. కోడ్ రాసేవాళ్లు ఊరికి వెళ్లకుండా సర్వే రిపోర్టు చదివి సరిపెట్టుకుంటే, రిపోర్టులో రాయనివన్నీ స్క్రీన్ మీద తప్పులుగా తేలతాయి. టీములో ఆడపిల్లలు ఇద్దరైనా ఉండాలి. మగపిల్లలు మాత్రమే వెళితే మాటలు అరుగు దగ్గరే ఆగిపోతాయి, ఇంట్లో మగవాళ్లే సమాధానాలు చెబుతారు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు పెట్టిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలది. పదిహేను వారాలకు పంచితే వారానికి 12 గంటలు. లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయండి. ఆదివారం కూర్చుని వారమంతటిదీ రాస్తే గంటలు కుదురుతాయి గానీ, ఎవరు ఏ మాట అన్నారో పోతుంది. మీకు అసలు కావలసింది ఆ మాటలే.

క్యాలెండరు ముందే చూసుకోండి. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద వస్తే నరసాపురం–సఖినేటిపల్లి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఆపేస్తారు. అవతలి ఒడ్డుకు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి, లంక ఊళ్లకైతే అదీ కుదరకపోవచ్చు. రెండో సెమిస్టర్‌లో సంక్రాంతి వారం, అంతర్వేది తీర్థం రోజులు సర్వేకు పనికిరావు. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు ఎవరూ డబ్బు సంగతి మాట్లాడరు.

1, 2 వారాలు: ఉన్న సమాచారం

జనాభా లెక్కల గ్రామ వివరాలు 2011వి. జిల్లాలు మారింది 2022 ఏప్రిల్ 4న. రాజోలు, అమలాపురం వైపు ఊళ్లు 2011 పట్టికల్లో తూర్పు గోదావరిలో ఉంటాయి, ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరుతో రెండు పట్టికలు కలిపితే సగం ఊళ్లు జారిపోతాయి. ఊరి పేరుతో కలపడమూ ప్రమాదమే. ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉన్నాయి, ఇంగ్లిష్ స్పెల్లింగు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. 2011 నాటి గ్రామ కోడ్‌నే పట్టికల్ని కలిపే గుర్తుగా పెట్టుకుని, దానికి ఇప్పటి మండలం, జిల్లా జోడించండి.

ఆ పట్టికల్లో ఆడవాళ్ల పని సంఖ్య తక్కువగా కనిపిస్తే తొందరపడి నిర్ధారణకు రాకండి. ఏడాదిలో ఆరు నెలలకన్నా తక్కువ పని చేసినవాళ్లను జనాభా లెక్కల్లో 'మార్జినల్' కిందికి వేస్తారు. అంతకు ముందే ఇంకో జల్లెడ ఉంది: ప్రశ్న అడిగిన తీరు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివాళ్ల మీద 1982లో ప్రచురించిన అధ్యయనంలో చూపించింది ఇదే. ప్రపంచ మార్కెట్ కోసం రోజూ గంటల తరబడి అల్లుతున్న ఆడవాళ్లను సమాజం 'ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణులు'గానే లెక్కగట్టింది. కూలి తక్కువగా ఉండటానికి ఆ లెక్కే ఆసరా అయింది. మీ ప్రశ్నపత్రం ఆ తప్పును మళ్లీ చేయకూడదు.

3 నుంచి 5 వారాలు: సర్వే

"మీరు పని చేస్తారా?" అని అడిగితే "లేదండి, ఇంట్లోనే ఉంటాను" అంటారు, చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది. అడగవలసినవి ఇవి: "నిన్న ఎన్ని పువ్వులు అల్లారండి?", "కిందటిసారి దారం ఎప్పుడు తీసుకున్నారు, ఎంత?", "డబ్బు చేతికొచ్చింది ఎప్పుడు?" నిన్న, కిందటిసారి అంటే మనిషికి గుర్తుంటుంది. "నెలకు సగటున ఎంత వస్తుంది?" అంటే, ఆ సగటు ఆమె ఎప్పుడూ వేసి ఉండదు కాబట్టి, నోటికొచ్చిన అంకె చెబుతుంది.

పని పేర్లు వాళ్లవే వాడండి. పువ్వు అల్లేది చేతిపని, పువ్వుల్ని కలిపేది అతుకుపని. రెండింటికీ రేటు వేరు, చేసే మనుషులూ వేరు. ఫారంలో 'లేసు పని' అని ఒకే గడి పెడితే ఈ తేడా చెరిగిపోతుంది, తర్వాత డేటాబేస్‌లోనూ అదే తప్పు కూర్చుంటుంది.

నాలుగు చేతులకు 40 ఇళ్లు సరిపోతాయి. ఒక్కొక్కరికి పది, రోజుకు రెండు, ఒక్కో ఇంటికి ముప్పావు గంట. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు నుంచి అయిదు మధ్య వెళ్లండి. ఇళ్లను ఒకే దారిలో వెతక్కండి. ఏజెంటు చూపించిన ఇళ్లకే వెళితే, అతనితో గొడవ లేనివాళ్లే దొరుకుతారు. మూడోవంతు ఏజెంట్ల ద్వారా, మూడోవంతు డ్వాక్రా సంఘాల ద్వారా, మిగతావి వీధి వెంట ప్రతి అయిదో ఇల్లు తట్టి తీసుకోండి. ఏ దారిలో దొరికిన ఇల్లో ఫారంలో రాయండి. మూడు గుంపుల సమాధానాలూ వేర్వేరుగా ఉంటే అదే మీ మొదటి ఫలితం.

సమ్మతి పత్రం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే సరిపోదు. చదివి వినిపించండి: ఏం అడుగుతాం, ఎక్కడ దాస్తాం, ఎవరికి చూపిస్తాం, మధ్యలో ఆపేయమనొచ్చు. ఇక్కడి మర్యాదలో "ఆయ్" అంటే చాలాసార్లు "వింటున్నానండి" అని మాత్రమే. దాన్ని సమ్మతిగా రాసుకోకండి. "మేం ఏం చేస్తామన్నామో మీ మాటల్లో చెప్పండమ్మా" అని అడిగి, ఆమె చెప్పింది సరిగ్గా ఉంటేనే ముందుకు వెళ్లండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇంట్లో పిల్లలు కూడా అల్లుతుంటే పేర్లు రాసుకోకండి. ఆధార్ నంబరు అసలు అడగకండి, మీ పనికి దాని అవసరమే లేదు.

నమోదుకు కోబో లేదా ఓడీకే అనే సర్వే యాప్ వాడండి. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో దాచి తర్వాత పంపుతాయి. ప్రశ్నలు తెలుగు లిపిలో పెట్టండి. సంఖ్యల గడులకు హద్దులు పెట్టండి, లేకపోతే 8 రూపాయలు 88గా పడిపోతుంది.

తూకం: ఇక్కడే ఆగి చూడండి

దారం తూకంతో వెళుతుంది, పువ్వులు లెక్కతోనో తూకంతోనో తిరిగొస్తాయి. తగాదాలు ఎక్కువగా పుట్టేది ఈ మధ్యలోనే. కాబట్టి కొలవడం నేర్చుకోండి.

ఒక గ్రాము వరకు చూపించే వంటింటి త్రాసులో అర గ్రాము అటూ ఇటూ ఉండొచ్చు. నాలుగు గ్రాముల పువ్వును ఒక్కదాన్నే తూస్తే ఆ అర గ్రాము అంటే పన్నెండున్నర శాతం తప్పు. పది పువ్వులు కలిపి తూసి పదితో భాగిస్తే తప్పు 1 శాతం పైచిలుకుకు దిగుతుంది. ఎప్పుడూ పది కలిపే తూయండి.

రెండోది తేమ. పత్తి దారం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పొడి బరువు మీద 8.5 శాతం తేమను మామూలుగా ఉండేదిగా వ్యాపారంలో లెక్కగడతారు. మన తీరంలో వానల్లో అంతకన్నా పెరుగుతుంది, ఎండల్లో తగ్గుతుంది. ముసురు రోజు 500 గ్రాములు తూచి ఇచ్చిన దారం, ఎండ కాసిన రోజు పువ్వులుగా తిరిగొచ్చేసరికి 3 శాతం తగ్గిందనుకోండి. 15 గ్రాములు లోటు, అంటే దాదాపు నాలుగు పువ్వుల బరువు. ఆమె దారం దాచుకోలేదు. గాలి తీసుకుంది. ఈ ఒక్క సంగతి ఏజెంటుకీ అల్లినామెకీ ఇద్దరికీ అర్థమయ్యేలా చూపించగలిగితే, మీ సాఫ్ట్‌వేర్ రాకముందే కొన్ని గొడవలు తగ్గుతాయి.

దీనికి సాక్షి ఉండ పెట్టండి. అదే దారంతో 100 గ్రాముల ఉండ ఒకటి చుట్టి, తూకం వేసే చోటే గాలి తగిలేలా ఉంచండి. పాలిథిన్ సంచిలో పెడితే సాక్ష్యం చెప్పదు. దారం ఇచ్చిన రోజు అది 100 చూపి, పువ్వులు తీసుకునే రోజు 97 చూపితే, తిరిగొచ్చిన బరువును 97తో భాగించి 100తో గుణించండి. కొసల తునకలు కూడా ఒక కవర్లో వేసి తెమ్మనండి, వాటినీ తూయాలి.

సమయం కొలవడం ఇంకొంచెం కష్టం. పొయ్యి దగ్గరికీ, నీళ్లకీ లేస్తూ కూర్చుంటూ అల్లుతారు గనుక "ఎన్ని గంటలు?" అన్న ప్రశ్నకు సమాధానం ఉండదు. ఒకే డిజైను మూడు పువ్వులు అల్లుతుండగా పక్కన కూర్చుని గడియారం చూడండి, లేచినప్పుడల్లా ఆపండి. సగటు 24 నిమిషాలు వచ్చిందనీ, పువ్వుకు 8 రూపాయలనీ అనుకుందాం. 24 పువ్వులకు 192 రూపాయలు, 9 గంటల 36 నిమిషాలు. గంటకు 20 రూపాయలు. ఈ అంకెలు లెక్క తీరు చూపడానికి మాత్రమే, మీ ఊరి అంకెలు మీరే తీయాలి. వచ్చిన ఫలితాన్ని ముందు ఆమెకే చెప్పండి.

6వ వారం: ఫలితాలు రాయడం

40 ఇళ్ల మీద శాతాలు రాయకండి. "37.5 శాతం" అంటే 15 ఇళ్లు, ఒక్క ఇల్లు మారితే రెండున్నర శాతం కదులుతుంది. "40లో 15" అని రాయండి. ప్రతి ఫలితం పక్కన 'దీనివల్ల డిజైన్‌లో ఏం మారాలి' అన్న గడి పెట్టండి. ఆ గడి ఖాళీగా ఉన్నవి రిపోర్టు వెనక్కి వెళ్లాలి.

7, 8 వారాలు: కాగితం కార్డు

చాలామంది దాటేసే మెట్టు ఇది. మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేదీ ఇదే. పోస్టుకార్డు సైజు అట్ట మీద అయిదు నిలువు గడులు గీయండి: తేదీ, తీసుకున్న దారం, ఇచ్చిన పువ్వులు, రేటు, అందిన డబ్బు. రెండు కార్డులు రాయాలి, ఒకటి ఆమె దగ్గర, ఒకటి ఏజెంటు దగ్గర. పది ఇళ్లకు ఇచ్చి రెండు వారాలు నడపండి.

ఎక్కడ రాయడం మానేశారో చూడండి. ఏ గడిలో రెండు విషయాలు కుక్కారో, వెనక వైపు ఏం రాసుకున్నారో చూడండి. కార్డు వెనక 'అడ్వాన్సు 500' అని రాసి ఉంటే, మీ డిజైన్‌లో అడ్వాన్సుకు చోటు లేదని అర్థం. ఈ కార్డే బాగా నడుస్తుంటే సాఫ్ట్‌వేర్‌ను బాగా కుదించండి. కూడికలు, గుర్తుచేయడం, కార్డు తడిసిపోయినా లెక్క మిగలడం, ఈ మూడే కాగితం చేయలేనివి.

9 నుంచి 11 వారాలు: డిజైన్, కోడ్

పట్టికలు అయిదు: మనిషి, డిజైను, దారం జారీ, పువ్వుల రాక, చెల్లింపు. అడ్వాన్సు కూడా చెల్లింపే, రకం మాత్రం వేరు. కొన్ని నియమాలు ఇప్పుడే పాటిస్తే తర్వాత ఏడవక్కర్లేదు.

బాకీ అంకెను ఎక్కడా దాచకండి, ఎప్పటికప్పుడు ఎంట్రీల నుంచి కూడి చూపించండి. దాచిన బాకీ, ఎంట్రీలు ఏదో ఒక రోజు పొసగవు, అప్పుడు ఏది నిజమో చెప్పేవాళ్లుండరు. ఏ ఎంట్రీనీ చెరపనివ్వకండి. తప్పు పడితే దానికి విరుగుడు ఎంట్రీ వేయాలి, పాతదీ కనపడాలి. రేటు డిజైను పట్టికలో ఒక్క గడిగా ఉంటే, రేటు పెంచిన రోజు పాత లెక్కలన్నీ మారిపోతాయి. రేటుకు 'ఎప్పటి నుంచి' అన్న తేదీ పెట్టండి. డబ్బు పైసల్లో, బరువు గ్రాములో పదో వంతుల్లో పూర్ణాంకాలుగా దాచండి. దశాంశాలు కూడుతూ పోతే చివర ఒకటి రెండు పైసలు తేడా వస్తాయి. అది చిన్నదే, కానీ కార్డు మీది అంకెకు సరిపడకపోతే నమ్మకం మొత్తం పోతుంది.

ఫోన్ నంబరును మనిషి గుర్తుగా పెట్టకండి. ఒక ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటుంది, అదీ పగలు కొడుకుతో బయటికి వెళుతుంది, సిమ్ మారుతుంది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఒక వీధిలోనే ముగ్గురుంటారు. యాప్ ఇచ్చిన అంకెను కార్డు మీద రాసి, అదే గుర్తుగా వాడండి. నెట్ లేనప్పుడు రెండు ఫోన్లలో ఎంట్రీలు పడతాయి కాబట్టి వరుస నంబర్లు కాకుండా ఎక్కడా ఢీకొనని యూయూఐడీలు (సాఫ్ట్‌వేర్ తనే పుట్టించే పొడవాటి గుర్తులు) ఎంట్రీలకు ఇవ్వండి.

తెరపై తెలుగు విషయానికొస్తే, ఇంగ్లిష్‌కు పెట్టే లైన్ ఎత్తు మనకు చాలదు. అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు పెట్టండి, లేకపోతే 'పువ్వు' కింది వత్తు తెగిపోతుంది. అక్షరాల మధ్య ఖాళీ పెంచే సెట్టింగు ముట్టుకోకండి. అంకెలు 1, 2, 3 గానే ఉంచండి, ౧, ౨, ౩ చదవడం అలవాటు తప్పింది. డిజైను పేరుతో పాటు ఆ పువ్వు ఫొటో పెట్టండి. నల్ల గుడ్డ మీద పరిచి తీస్తే అల్లిక కనపడుతుంది.

ఎస్సెమ్మెస్ పంపాలనుకుంటే తెలుగులో ఒక సందేశానికి 70 గుర్తులే, ఇంగ్లిష్‌కైతే 160. గుర్తంటే అక్షరం కాదు. గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కే, 'స్త్రీ' అంటే ఆరు. "ఈ వారం 24 పువ్వులు అందాయి. రావలసింది రూ.192" అన్నది 43, కాబట్టి పేరు కలిపినా సరిపోతుంది. 70 దాటితే రెండు సందేశాల ఖర్చు. పైగా గుంపుగా పంపాలంటే సంస్థ పేరు, సందేశం నమూనా టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే నమోదు వేదికలో ముందే నమోదు కావాలి, విద్యార్థి టీముకు అది సెమిస్టర్‌లో తేలకపోవచ్చు. అప్పటిదాకా వాట్సాప్ వాయిస్ సందేశమే నయం.

12వ వారం: పరీక్ష

అయిదుగురు చాలు, వాళ్లు సర్వేలో లేనివాళ్లైతే మంచిది. వాళ్ల ఇంటి అరుగు మీదే, ఎండ వెలుగులోనే చూడండి. ల్యాబులో కనపడే లేత బూడిద రంగు అక్షరాలు అక్కడ కనపడవు. ఫోన్ ఇచ్చి "నిన్న ఇచ్చిన 12 పువ్వులు ఎక్కించండి పిన్నిగారూ" అని ఆగిపోండి. వేలు ఆగిన చోటు, వెనక్కి వెళ్లిన చోటు రాసుకోండి. సాయం చేయాలని చేయి లేస్తుంది, ఆపుకోండి. మీరు చూపించిన మరుక్షణం ఆ పరీక్ష మీ మీద పరీక్ష అవుతుంది.

"బాగుందా?" అని అడగకండి. ఇంటికొచ్చిన పిల్లల్ని నొప్పించడం ఇష్టంలేక "బాగుందమ్మా" అనే అంటారు. "ఇప్పుడు మీకు రావలసింది ఎంత?" అని అడగండి. తెర చూసి సరైన అంకె చెబితే బాగున్నట్టు.

13, 14 వారాలు: ఖర్చు ఎవరు పెట్టుకుంటారు

సర్వరు, సందేశాలు, నెలకొకసారి ఊరికి వెళ్లి తప్పులు దిద్దే మనిషి రోజు కూలి, బస్సు చార్జీలు. నాలుగో దాన్ని మర్చిపోయినా పర్వాలేదు, మూడోదాన్ని మర్చిపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది. చెల్లించేది ఏజెంటైతే, ఆరు నెలల్లో యాప్ ఏజెంటుకు కావలసినట్టు మారుతుంది. అల్లినామె తెర అడుగున పడిపోతుంది. అందుకే సంఘం చెల్లించే దారి ముందు వెతకండి.

సంఘమే నేరుగా సరుకు అమ్మాలనుకుంటే ఒక బల్లగుడ్డకు పూర్తి ధర కట్టండి: దారం, చేతిపని, అతుకుపని, ఉతుకు, గంజి, ఇస్త్రీ, ప్యాకింగు, రవాణా. పాడయ్యేవాటి లెక్కలో అందరూ ఒకటే తప్పు చేస్తారు. పదింటిలో ఒకటి పనికిరాకపోతే, 180 రూపాయల ఖర్చుకు పది శాతం కలిపి 198 అంటారు. నిజానికి పదింటి ఖర్చు తొమ్మిదే మోయాలి కాబట్టి 180ని 0.9తో భాగించాలి, 200 వస్తుంది. నరసాపురం క్రోచెట్ లేసుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది గానీ, ఆ పేరును సరుకు మీద వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. లోగో ఊరికే అంటించకండి.

నమోదు సంగతి: 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఒక దారి, కనీసం పదిమంది ఉత్పత్తిదారులతో ప్రొడ్యూసర్ కంపెనీ ఇంకొకటి. సెమిస్టర్‌లో ఏదీ రిజిస్టర్ చేయించకండి. ఏటా లెక్కలు దాఖలు చేసేది మీరు కాదు, మీరు వెళ్లిపోయాక ఆ బరువు ఆ ఆడవాళ్ల మీద పడుతుంది. తేడాలు వివరిస్తూ ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వండి, నిర్ణయం వాళ్లది.

15వ వారం: అప్పగింత

ప్రతి ఇంటికీ ఆమె లెక్క ముద్రించి ఇవ్వండి, అంకెలు పెద్దగా ఉండాలి. మొత్తం డేటాను స్ప్రెడ్‌షీట్‌గా దించి సంఘం లీడరుకు ఇవ్వండి, దాన్ని తెరవడం ఆమెతోనే ఒకసారి చేయించండి. సర్వే రికార్డింగులు, పేర్లున్న ఫారాలు, మీ వాట్సాప్ గ్రూపులో తిరిగిన ఫొటోలు చెరిపేయండి. నలుగురి ఫోన్లలోనూ చెరిపారో లేదో ఒకరిది ఒకరు చూడండి. సాక్షి ఉండను త్రాసు దగ్గరే వదిలి, దాని వాడకం అట్ట మీద రాసి పక్కన తగిలించండి. చివరగా అడ్మిన్ పాస్‌వర్డు లీడరు చేత మార్పించి, మీ ఫోన్ నుంచి లాగిన్ అయి చూడండి. తలుపు తెరుచుకోకూడదు.